పెట్టెలోని అశ్వబలము

సికింద్రాబాదు పార్కులేనులో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ అను పూర్తి పేరును విడిచి జనులు సీటీసీ అని పిలుచుకొను అంగళ్ళ సముదాయములో, విడిభాగములను ఏరి కంప్యూటరును కూర్పించుకొను అలవాటు ముమ్మరముగా సాగిన దినములలో, చేయి తిరిగిన వర్తకుడు రెండు పవర్ సప్లై పెట్టెలను తెచ్చి, కొనవచ్చినవాని రెండు చేతులలో నుంచి, “బరువు చూడండి సార్” అనుట కద్దు. ఆ పెట్టెకు అచ్చట ఎస్.ఎం.పి.ఎస్. అనియే వాడుక. రెండింటిమీదను 450 వాట్లనియే అచ్చు పడియుండును. ఒకటి అరచేతిని క్రిందికి లాగును, వేఱొకటి ఉత్త రేకుడబ్బావలె తేలిపోవును. పుచ్చకాయను మీటి లోని పండుదనమును పసికట్టు గృహిణివలె, ఆ వర్తకుడు లోనున్న రాగిచుట్టలను, అల్యూమినియపు రెక్కలను, కెపాసిటర్లను చేతి అంచనాతోనే తూచి, “ఈ తేలికదాని మీద గ్రాఫిక్స్ కార్డు వేస్తే ఆగదు” అని తేల్చివేయును.

కంప్యూటరులో క్రొత్త గ్రాఫిక్స్ కార్డును అమర్చదలచినవాడు, ఉన్న పవర్ సప్లై దానిని మోయగలదా యని ముందుగా విచారించుకొనుట నేడు అందఱెఱిగిన ఆచారము. పైకి చూడ నిది చిన్న కూడిక లెక్క: వ్యయమగు వాట్లను ఒకవైపునను, లభించు వాట్లను వేఱొకవైపునను వ్రాసికొని పోల్చిచూచుట. కాని ఇంచుమించు నలువదియైదేండ్ల ఈ ఆచారముయొక్క పూర్వవృత్తాంతమును తడవిచూచినచో, ప్రశ్న మొదటినుండియు ఒక్కటియే యయ్యును, దానికి సమాధానము చెప్పవలసిన సంఖ్య మాత్రము తరమునకొక చోట దాగుచు వచ్చెననియు, ఒక తరమువారు నష్టపడి నేర్చుకొన్న లెక్క మఱుసటి తరమువారికి చాలకపోయెననియు తెలియవచ్చును.

వాట్టు అను కొలమానమునకు పేరిచ్చిన జేమ్స్ వాట్ సైతము ఇట్టి తూనికతోనే తన వర్తకమును సాగించెను. న్యూకొమెన్ ఆవిరియంత్రములను వాడుచుండిన గనుల యజమానులనుండి ఆయనయు, భాగస్వామియగు మాథ్యూ బౌల్టనును, తమ క్రొత్త యంత్రమువలన ఆదాయైన బొగ్గు వెలలో మూడవవంతును ప్రతిఫలముగా కోరిరి. కాని గుఱ్ఱములచేత మరలు త్రిప్పించుకొనువారికి ఆదా యగుటకు బొగ్గే లేదు గదా! అందుచేత గుఱ్ఱము చేయు పనిని లెక్కకట్టవలసి వచ్చెను. 12 అడుగుల వ్యాసార్ధముగల వలయములో, గంటకు 144 మాఱులు తిరుగుచు, 180 పౌండ్ల బలముతో లాగు గుఱ్ఱమును ప్రమాణముగా గొని, నిమిషమునకు 33,000 అడుగు-పౌండ్ల పనిని ఒక అశ్వశక్తిగా వాట్ నిర్ణయించెను. సామాన్యమైన గుఱ్ఱము దినమంతయు అంత పని చేయజాలదు. అనగా ఆయన గుఱ్ఱమునకు ఉన్నదానికంటె ఎక్కువ బలమునే ఆపాదించెను. దానివలన పది గుఱ్ఱముల యంత్రమని కొన్నవానికి పది గుఱ్ఱములకు మించిన పనియే దక్కెను గాని తక్కువ దక్కలేదు. 1882లో విలియం సీమెన్స్ ప్రతిపాదింపగా విద్యుచ్ఛక్తి కొలమానమునకు ఆ యాంత్రికుని పేరు ఏర్పడెను. ఒక అశ్వశక్తి నేటి లెక్కలో సుమారు 746 వాట్లు. కొనువాని పక్షమున తప్పిన ఆ త్రాసు, తరువాతి కాలమున ఏ పక్షమునకు మొగ్గినదో ముందు చూతము.

గోడలోనుండి వచ్చునది ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరుకు కావలసినది తక్కువ వోల్టులుగల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పునకు పూర్వము బరువైన ట్రాన్స్‌ఫార్మరు నుంచి, మిగులు వోల్టులను వేడిగా కాల్చివేయుచుండిరి. విద్యుత్తును సెకనుకు వేలకొలది మాఱులు ఖండించి, ఆ వేగమువలన చిన్న ట్రాన్స్‌ఫార్మరుతోనే పని గడపుకొను పద్ధతి కొలత పరికరములలోను, ఇతర యంత్రములలోను అంతకుమునుపే వాడుకలోనుండగా, 1977లో వెలువడిన ఆపిల్ 2 యంత్రమునకై రాడ్ హోల్ట్ అను ఇంజనీరు దానిని ఇంటి కంప్యూటరులోనికి తెచ్చెను. ఆ యంత్రమునకు ఫ్యాను అక్కఱలేకపోవుటకు ఇదియు ఒక కారణము. మన అంగళ్ళలోని ఎస్.ఎం.పి.ఎస్. అను పొడియక్షరములలో మొదటి రెండును ఈ ఖండన పద్ధతినే సూచించుచున్నవి.

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరులోని పవర్ సప్లై బలము 63.5 వాట్లు. ఆ అరవాట్టును సైతము వదలక లెక్కవేసినవారి నిజాయితీ మెచ్చదగినది: 5 వోల్టుల మార్గమున 7 ఆంపియర్లు, 12 వోల్టుల మార్గమున 2 ఆంపియర్లు, ఋణ వోల్టుల మార్గములు రెండింటను కలిపి నాలుగున్నర వాట్లు, కూడినచో సరిగా 63.5. ఒక గుఱ్ఱములో పండ్రెండవవంతు బలముతో ఆ యంత్రమంతయు నడచెను. దానిలోని చిత్రపటపు కార్డు, అక్షరములను మాత్రము చూపునదైనను, రంగులు చూపునదైనను, ఫ్యాను గాని రెక్కలు గాని లేక, తోడి కార్డులలో ఒకటిగా అణగియుండెను. బరువును వేయువాడును, మోయువానిని ఎన్నుకొనువాడును ఒక్కడే యగుటచే, పవర్ సప్లైని పరీక్షించు ప్రసక్తియే కొనువానికి తొలుత లేకుండెను.

అయితే ఆ యంత్రమును మూతవిప్పి చూచుటకు, ఖాళీ స్లాట్లలో ఇష్టమైనదానిని చేర్చుకొనుటకు వీలుండెను. ఆచారము పుట్టినది అచ్చటనే. మొదట బరువు పెంచినది గ్రాఫిక్స్ కార్డు గాదు, హార్డ్ డిస్కు. 63.5 వాట్ల పెట్టెకు హార్డ్ డిస్కును తిరుగజేయు శక్తి మిగులదని కొన్నవారు త్వరలోనే గ్రహించిరి. 1983లో పుట్టుకతోనే హార్డ్ డిస్కును వెంటబెట్టుకొని వచ్చిన ఎక్స్‌టీ యంత్రమునకు ఐ.బి.ఎం. వారు 130 వాట్లను, 1984లో వచ్చిన ఏటీ యంత్రమునకు 192 వాట్లను ఒసగిరి. పాత యంత్రముగలవారు 130 వాట్ల పెట్టెను విడిగా కొని తగిలించుకొనసాగిరి. అనుకరణ యంత్రములు వెల్లువెత్తిన కొలదియు పెట్టె ఒకరిది, బోర్డు వేఱొకరిది, కార్డు మఱొకరిది ఆయెను. బలమును బరువును తూచు బాధ్యత తయారీదారుని చేతినుండి జాఱి అంగడివానికిని, పిదప కొనువానికిని సంక్రమించెను. ఆ దినముల కూర్పరులు మొట్టమొదట నేర్చిన పాఠము సంఖ్యకు సంబంధించినది కాదు. మదర్‌బోర్డునకు తగిలింపవలసిన రెండు ప్లగ్గులను తారుమాఱు చేసినచో బోర్డు దగ్ధమగును గనుక, నల్ల తీగలు రెండు ప్లగ్గులలోను నడుమకు, ఒకదాని ప్రక్క నొకటిగా రావలయునను సూత్రమును వారు మంత్రమువలె జపించెడివారు.

1995లో ఇంటెల్ ప్రతిపాదించిన ఏటీఎక్స్ పద్ధతి ఆ భయమును తొలగించెను; 20 సూదుల ఒకే ప్లగ్గు, తప్పుగా తగిలింప వీలులేని ఆకృతితో వచ్చెను. కాని అంతకంటె పెద్ద మార్పు 2000వ సంవత్సరమున, పెంటియం 4 ప్రాసెసరుతోపాటు వచ్చినది. అంతదాక కంప్యూటరులోని భారము ముఖ్యముగా 5 వోల్టుల, 3.3 వోల్టుల మార్గములమీదనే యుండెను. ప్రాసెసరు ఆకలి పెరిగినకొలది, 5 వోల్టులతో 60 వాట్లను పంపుటకు 12 ఆంపియర్ల ప్రవాహము కావలసివచ్చుచుండెను. అదే 12 వోల్టులతోనైన 5 ఆంపియర్లు చాలును. తీగలో వేడి ప్రవాహముయొక్క వర్గమును అనుసరించి పెరుగును గావున, అదే తీగలో వేడి ఇంచుమించు ఆఱవవంతునకు దిగును. ఈ కారణముచే ప్రాసెసరుకై నాలుగు సూదుల ప్రత్యేకమైన 12 వోల్టుల ప్లగ్గు ఏర్పడెను. 2003లో ప్రధానపు ప్లగ్గు 24 సూదులదాయెను. భారమంతయు ఒక భుజమునుండి మఱొక భుజమునకు మాఱినట్లు, 5 వోల్టుల మార్గమునుండి 12 వోల్టుల మార్గమునకు మాఱిపోయెను.

సరిగా ఆ సంధికాలమునందే గ్రాఫిక్స్ కార్డు, తాను కూర్చున్న స్లాటు పెట్టు తిండితో తృప్తిపడుట మానివేసెను. 1997 నుండి వాడుకలోనికి వచ్చిన ఏజీపీ స్లాటు ఈయగల శక్తి 40 వాట్ల పరిసరములలోనిది. 2000లో త్రీడీఎఫ్‌ఎక్స్ సంస్థవారి వూడూ5 5500, రెండు చిప్పులను మోయుచు, హార్డ్ డిస్కునకు తగిలించు మోలెక్స్ ప్లగ్గును తనకును కావలెనని అడిగెను. నాలుగు చిప్పులతో వారు తలపెట్టిన వూడూ5 6000 ఏకముగా గోడకు తగిలించు వేఱొక అడాప్టరునే కోరి, అంగడికి రాకమునుపే నిలిచిపోయెను. ఆ యేటి చివర సంస్థయు తన ఆస్తులను ఎన్విడియాకు అమ్ముకొనెను. 2002లో ఏటీఐవారి రేడియాన్ 9700 ప్రో, ఫ్లాపీ డ్రైవునకు ఉద్దేశించిన చిన్న ప్లగ్గును అరువు పుచ్చుకొనెను. 2004లో ఎన్విడియావారి జీఫోర్స్ 6800 అల్ట్రా రెండు మోలెక్స్ ప్లగ్గులతో వచ్చుటయే గాక, తన్ను మోయుటకు 480 వాట్ల పవర్ సప్లై ఉండవలయునని తయారీదారులచేతనే చెప్పించెను. కంప్యూటరునంతటిని 63.5 వాట్లు నడిపిన కాలమునకును, ఒక్క కార్డునకై పెట్టెను మార్చుకొనుడని చెప్పిన కాలమునకును నడుమ 23 ఏండ్లు మాత్రమే గడచెను.

480 అను ఆ సంఖ్య కొనువారి నోట నానినది గాని, దాని లోపలి మర్మము నానలేదు. తయారీదారుడు చెప్పిన మొత్తము, నాణ్యము తెలియని పెట్టెలను కూడ దృష్టిలో నుంచుకొని చెప్పిన స్థూలపు సంఖ్య. పెట్టెపై అచ్చుపడినది, 3.3, 5, 12 వోల్టుల మార్గములన్నిటిని కూడి చెప్పినది. పాత పద్ధతిలో కట్టిన చౌక పెట్టెలు 5 వోల్టుల మార్గమున పుష్కలమైన బలమును, 12 వోల్టుల మార్గమున స్వల్పపు బలమును కలిగి, రెంటిని కూడి ఘనమైన సంఖ్యను తలకెత్తుకొనుచుండెను. ఒక ఉదాహరణము చెప్పెదను. 450 వాట్ల పెట్టెయని పేరు. లేబులులో 12 వోల్టుల గడిలో 15 ఆంపియర్లని యుండును. 12ను 15చే హెచ్చవేయగా 180 వాట్లు. 2007లో వచ్చి బహుళాదరణ పొందిన జీఫోర్స్ 8800 జీటీ కార్డు 105 వాట్లను, ఒక మధ్యరకపు ప్రాసెసరు 65 వాట్లను, డిస్కులును ఫ్యానులును ఒక పాతిక వాట్లను కోరినచో మొత్తము 195. పేరు గొప్ప, ఊరు దిబ్బ యనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా? అక్షరములు టైపు చేయునపుడు, పాటలు వినునపుడు ఆ యంత్రము నిక్షేపముగా నడచును. ఆటలో యుద్ధము ముమ్మరమైన నిమిషమున తెర నల్లబడి యంత్రము తనంత తానే తిరిగి మొదలగును. దోషము కార్డుదని తలచి దానిని అంగడికి మోసికొనిపోయినవా రెందఱో!

ఆ తరము నేర్చిన లెక్క యిది: మొత్తపు వాట్లను విడిచి, 12 వోల్టుల గడిలోని ఆంపియర్లను చూడుము, కార్డును, ప్రాసెసరును, తక్కినవానిని కూడుము, వచ్చినది పెట్టె బలములో మూడువంతులకు మించకుండ చూచుకొనుము, ఏలయన వేడివలనను, వయస్సువలనను కెపాసిటర్లు క్షీణించును. దానిలోను మఱొక చిక్కు వచ్చిపడెను. ఒక తీగమార్గమున 240 వోల్టు-ఆంపియర్లకు మించరాదను భద్రతా నియమమునకు లోబడి, 12 వోల్టుల మార్గమునే రెండు మూడుగా విభజించి లేబులులో వేఱువేఱు గడులలో చూపసాగిరి. ఆ గడుల ఆంపియర్లను కూడుకొని మురిసినవారు, అన్నిటికిని కలిపి వేఱొక మొత్తపు హద్దు కలదని క్రింది వరుసలోని చిన్న అక్షరములను చదువలేదు.

2004లో వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ పద్ధతి ఈ వ్యవహారమునకు కొంత క్రమమును కల్పించెను. స్లాటు 75 వాట్ల నిచ్చును. ఆఱు సూదుల ప్లగ్గు మఱి 75 వాట్ల నిచ్చును. పిమ్మట వచ్చిన ఎనిమిది సూదుల ప్లగ్గు 150 వాట్ల నిచ్చును. కార్డు వెనుక నున్న ప్లగ్గులను చూచియే దాని ఆకలిని అంచనా కట్టుటకు వీలాయెను. పవర్ సప్లైకి ఆ ప్లగ్గు లేనిచో, పెట్టెకు అంత బలము లేదని అది మౌనముగా చెప్పుచున్న మాటగా గ్రహింపవలసియుండగా, రెండు మోలెక్స్ ప్లగ్గులను ఆఱు సూదులదానిగా మార్చు చిన్న తీగ అంగడిలో దొరకుటచే, ఆ మాటను వినకుండుట సులభమాయెను. 2016లో ఏఎండీవారి ఆర్‌ఎక్స్ 480 కార్డు విషయమున తప్పు తయారీదారునిదే యయ్యెను: స్లాటు 12 వోల్టుల మార్గమున ఈయదగిన 5.5 ఆంపియర్లను అది దాటుచున్నదని పరీక్షకులు కొలిచి చూపగా, ఆ సంస్థ కొలదిదినములలోనే సాఫ్ట్‌వేరు మార్పుతో ఆ భారమును సర్దవలసివచ్చెను.

మన దేశమున ఈ లెక్కకు అదనపు చిక్కులు కొన్ని కలవు. క్యాబినెట్టు కొన్నవానికి ఎస్.ఎం.పి.ఎస్. దానిలోనే బిగించి వచ్చుటచే, అది విడిగా ఎంచవలసిన వస్తువను ఊహయే చాలమందికి కలుగలేదు. పాత పెట్టెల వెనుక 115, 230 అను రెండంకెలుగల ఎఱ్ఱ మీట యొకటి యుండెడిది. మన 230 వోల్టుల విద్యుత్తునకు దానిని 115 వైపు జరిపి మీట నొక్కిన కుతూహలపరుడు పెద్ద చప్పుడును, పొగను ఒక్కసారిగా దర్శించెడివాడు. విద్యుత్తు పోవుట నిత్యకృత్యమగుటచే ప్రతి యింటను వెలసిన 600 వీఏ యూపీఎస్, 600 వాట్ల నిచ్చునని భ్రమపడినవారు అనేకులు. అది సాధారణముగా ఈయగలది 360 వాట్లు. పెట్టెను పెద్దది చేసికొన్నను, దాని వెనుకనున్న యూపీఎస్ కీచుమని మొఱపెట్టి చేతులెత్తివేసెడిది. భారము గొలుసులోని బలహీనమైన కడియమును వెదకికొని పోవుననుటకు ఇది మనకు ఇంటింటి పాఠము.

2004లో అమెరికాలో మొదలైన 80 ప్లస్ ముద్రను కూడ జనులు బలమునకు చిహ్నముగా తలచిరి. అది సామర్థ్యమును తెలుపునది. 20, 50, 100 శాతముల భారములవద్ద, గోడనుండి గొన్నదానిలో కనీసము 80 శాతమును కంప్యూటరుకు అందించునని దాని భావము. 80 శాతపు సామర్థ్యముగల పెట్టె 500 వాట్ల నిచ్చునపుడు గోడనుండి 625 వాట్లను గొనును. తక్కిన 125 వాట్లును వేడియై పోవును. కాంస్యము, రజతము, స్వర్ణము మొదలగు తరగతులు ఆ వేడి ఎంత తగ్గినదో చెప్పును గాని, పెట్టె ఎంత మోయునో చెప్పవు. అయినను పరోక్షముగా మేలు జరిగినది: పరీక్షకు నిలువవలసివచ్చిన పెట్టె, తన లేబులుపై వ్రాసికొన్న సంఖ్యను నిజముగా మోసి చూపవలసివచ్చెను.

ఆకలి ఎల్లప్పుడును పెరుగుచునే యుండెనని చెప్పుట అన్యాయము. 2014లో వచ్చిన జీఫోర్స్ జీటీఎక్స్ 750 టీఐ 60 వాట్లతో, అదనపు ప్లగ్గేదియు కోరక, స్లాటు పెట్టినదే తిని బ్రదికెను. కార్యాలయములలో వాడి విడిచిన చిన్న పవర్ సప్లైల యంత్రములు దానివలన ఆటలాడుకొను యంత్రములుగా పునర్జన్మ మెత్తెను. కాని శిఖరమున నున్న కార్డులు 2010లో 250 వాట్లను, 2020లో 350ని, 2022లో 450ని, 2025లో ఆర్‌టీఎక్స్ 5090తో 575ని చేరెను. అనగా ఒక్క కార్డే ముప్పాతిక గుఱ్ఱము.

ఇంతలో సంఖ్య మఱల చోటు మార్చెను. ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డుల కాలమున, 12 వోల్టుల ఆంపియర్లను సరిగా లెక్కించుకొని మంచి పెట్టెలనే కొన్నవారి యంత్రములు కూడ ఉన్నట్లుండి ఆగిపోసాగెను. సగటున 350 వాట్లను గొను కార్డు, సెకనులో వేలవవంతునకు లోబడిన కాలమున దానికి చాల మించినదానిని గుంజుచుండగా, పెట్టెలోని రక్షణ యంత్రాంగము దానిని ప్రమాదముగా భావించి మూతపడుచుండెను. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 నియమావళి, 450 వాట్లకు మించిన పెట్టె 100 మైక్రోసెకనులపాటు తన బలమునకు రెట్టింపును ఓర్చుకొనవలయునని విధించెను. వాట్ ఎంచిన గుఱ్ఱము నిచ్చట మఱల తలచుకొనవలయును: దినమంతయు ఒక అశ్వశక్తిని నిలుపుకొనలేని గుఱ్ఱము, కొలది క్షణములపాటు పది అశ్వశక్తులకు మించి లాగగలదు. పని చేయు గుఱ్ఱమునకు ఆ క్షణికబలము వరము. ఇచ్చట క్షణికముగా లాగునది బరువే గనుక, మోయువానికి ఆ ఓర్పును కట్టడిగా నేర్పవలసివచ్చినది.

ఆ నియమావళితోపాటు వచ్చిన 16 సూదుల ప్లగ్గు ఒక్కటియే 600 వాట్లను మోయును. దానిలోని నాలుగు చిన్న సూదులు శక్తిని మోయవు; వానిలో రెండు, ఈ పెట్టె 150 వాట్ల నీయగలదా, 300నా, 450నా, 600నా అను విషయమును కార్డునకు తెలుపును. పార్కులేను వర్తకుడు అరచేతితో అడిగిన ప్రశ్నను, కొనువాడు లేబులును చదివి అడిగిన ప్రశ్నను, ఇపుడు తీగలే తమలో తాము అడిగికొని ఉత్తరము చెప్పుకొనుచున్నవి. ఇక మనుష్యుడు తూచవలసినది ఏమియు లేదనిపించిన ఆ 2022లోనే, ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల ప్లగ్గులు కొన్ని కరగిపోయెను. 600 వాట్లన్నచో 50 ఆంపియర్లు. అవి ఆఱు సూదులగుండ నడువవలయును, అనగా సూదికి ఎనిమిదికి పైగా. పాత ఎనిమిది సూదుల ప్లగ్గులో సూదికి నాలుగు మాత్రమే. పూర్తిగా లోనికి దిగని ప్లగ్గులో ప్రవాహము ఇఱుకైన చోట క్రిక్కిఱిసి వేడెక్కినదని ఎన్విడియావారు వివరించిరి. 2023లో ఆ చిన్న సూదులను కుదించి, ప్లగ్గు చక్కగా దిగకున్నచో వానికి స్పర్శ కలుగకుండునట్లు సవరించిరి.

మొత్తపు వాట్లలో ఒకనాడు, 12 వోల్టుల గడిలో ఒకనాడు, నూఱు మైక్రోసెకనులలో మఱొకనాడు దాగిన ఆ సంఖ్య, తుదకు ప్లగ్గునకును సాకెట్టునకును నడుమ మిగిలిన వెండ్రుకవాసి సందులో దాగెను. లెక్కలన్నియు ముగించినవాడు, పెట్టె మూత బిగించుటకు మునుపు, బొటనవ్రేలితో ఆ ప్లగ్గును మఱొకసారి గట్టిగా నొక్కి చూచుకొనవలయును. బరువును చేతితో తూచిన ఆ వర్తకుని శాస్త్రము పాతబడినది గాని, చేయి మాత్రము ఇంకను పనికివచ్చుచునే యున్నది.